సభ మైకు వేరు, రేడియో మైకు వేరు: గోదావరి డెల్టా ప్రసంగాల ప్రసారం గురించి బహిరంగ లేఖ

ఆకాశవాణి విజయవాడ, విశాఖపట్నం కేంద్రాల కార్యక్రమ విభాగాల అధికారులకు,
గోదావరి డెల్టాలో సభలు జరిపించే గ్రంథాలయాల, కళాశాలల, రైతు సంఘాల పెద్దలకు,

నమస్కారాలు.

రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, భీమవరం, నరసాపురం. ఈ ఐదు పట్టణాల్లో ఏడాదికి ఒక్కొక్క బహిరంగ ప్రసంగం పెట్టించండి. ప్రతి ప్రసంగానికీ జతగా అదే వేదిక మీద ఒక చర్చాగోష్ఠి జరిపించండి. రెంటినీ జనం ఎదుటే రికార్డు చేసి వరసగా రేడియోలో వినిపించండి. మా విన్నపం ఇంతే. ఆ పని ఎలా చేస్తే నిలబడుతుందో, ఎక్కడ చెడుతుందో చెప్పడానికే ఈ లేఖ ఇంత పొడవైంది. ఇలాంటి కార్యక్రమాలు సంకల్పం లేక ఆగిపోవడం తక్కువ. సరైన చోట పెట్టని ఒక మైకు, వేదిక మీద ఎక్కువైన ఒక కుర్చీ, ముందుగా తీసుకోని ఒక సంతకం వాటిని పాడుచేస్తాయి.

ఇది కొత్త ఊహ ఏమీ కాదు. ఆకాశవాణి 1955 నుంచి సర్దార్ పటేల్ స్మారకోపన్యాసాలు ఇప్పిస్తోంది. మొదటి ఏడాది వక్త రాజాజీ. బీబీసీ వారి రీత్ ఉపన్యాసాలు 1948లో బెర్ట్రాండ్ రసెల్‌తో మొదలయ్యాయి. కెనడా ప్రజా రేడియోలో 1961 నుంచి వస్తున్న మాసీ ఉపన్యాసాల పద్ధతి మన అవసరానికి ఇంకా దగ్గరగా ఉంది. ఇటీవలి కాలంలో ఒకే వక్త తన ఉపన్యాసాలను ఒక్కొక్కటీ ఒక్కో ఊళ్ళో జనం ముందు ఇస్తారు, తరువాత అవి రేడియోలో వస్తాయి. ఆకాశవాణిని నడిపే ప్రసార భారతి సంస్థ కోసం చేసిన 1990 ప్రసార భారతి చట్టం 12వ సెక్షన్ ప్రజలకు సమాచారం, విద్య, వినోదం అందించడమే సంస్థ ముఖ్య బాధ్యత అంటుంది. వ్యవసాయం, గ్రామీణాభివృద్ధి, పర్యావరణం, ఆరోగ్యం, విజ్ఞానశాస్త్రం మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది. కాబట్టి మేం అడుగుతున్నది చట్టంలో ఇప్పటికే ఉన్న పనే.

స్టూడియో ప్రసంగం ఉండగా సభ ఎందుకని అడగవచ్చు. స్టూడియోలో మాట్లాడేవారికి తమ మాట ఎక్కడ అర్థం కాలేదో తెలిసే దారి లేదు. ఎదురుగా కాలవ చివరనున్న శివారు భూముల రైతులు, లాకుల దగ్గర పనిచేసే లస్కర్లు, నారు పీకే ఆడవాళ్ళు కూర్చుని ఉంటే, తప్పు లెక్క చెప్పిన నిమిషానికే హాల్లో గుసగుస బయలుదేరుతుంది. వక్త ఆగి మళ్ళీ చెబుతారు. ఆ సవరణ రేడియో దగ్గర కూర్చున్న వారికీ అందుతుంది. ప్రసంగం విలువ సగం అందులోనే ఉందని మా నమ్మకం.

ఇక ప్రసారం సంగతి. డెల్టాకు అటు విజయవాడ 837 కిలోహెర్ట్జ్, ఇటు విశాఖ 927 కిలోహెర్ట్జ్. రెండూ మీడియం వేవ్. నేల వెంట పాకే ఈ తరంగాలకు తడి నేల, ఉప్పు నేల మంచి దారి. రాతి నేలల మీదకంటే ఇలాంటి చోట ఇవి ఎక్కువ దూరం పోతాయి. ఎఫ్ఎం అలా కాదు, కంటిచూపు మేర ప్రయాణించే ప్రసారం అది. అందుకే డెల్టా కార్యక్రమాన్ని మీడియం వేవ్‌ను దృష్టిలో పెట్టుకునే తయారుచేయాలి. అయితే మీడియం వేవ్‌లో స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్ మాత్రమే. మామూలు రేడియో సెట్టు 4, 5 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వనిని దాదాపుగా వినిపించదు. స, శ, ఫ లాంటి హల్లుల స్పష్టత చాలావరకు ఆ పైభాగంలోనే ఉంటుంది. దానికి ఇంట్లోని ఎల్ఈడీ బల్బు, ఫోను ఛార్జరు, ఇన్వర్టరు పుట్టించే గరగర తోడవుతుంది. పొద్దుగూకాక దూరపు స్టేషన్లు అడ్డం వస్తాయి. హాల్లో ఇంపుగా ఉన్న రికార్డింగు చేను గట్టున సెట్టులో ముద్దగా వినబడేది ఇందువల్లే. మాట దగ్గరగా, ప్రతిధ్వని తక్కువగా, వెనక చప్పుడు వీలైనంత సన్నగా ఉండేట్టు మొదటినుంచే తీయాలి. తరువాత కంప్యూటర్లో సరిచేద్దామంటే కుదరదు. గొంతుతో కలిసిపోయిన ప్రతిధ్వనిని విడదీయబోతే గొంతే పోతుంది.

సభల్లో మామూలుగా జరిగేది ఏమిటంటే, మైక్‌సెట్ వారి మిక్సర్ నుంచి ఒక వైరు లాగి రికార్డరుకు గుచ్చుతారు. సులువైన పనే, కానీ నష్టాలు చాలా. మైకు కూత పెట్టినప్పుడు ఆపరేటరు గబుక్కున శబ్దం తగ్గిస్తాడు, రికార్డింగులోనూ మాట అక్కడ మునిగిపోతుంది. హాలు చివరి వరసకు వినబడాలని ట్రెబుల్ పెంచుతాడు. మన మైక్‌సెట్లలో చాలామందికి ఎకో కలపడం అలవాటు, అదంతా రికార్డింగులో పడుతుంది. నలుగురు మాట్లాడే గోష్ఠి అయితే నాలుగు గొంతులూ ఒకే ట్రాకులో కలిసిపోతాయి. ఒకాయన దగ్గుతుండగా పక్కాయన చెప్పిన మాటను కాపాడే దారి ఉండదు.

చేయవలసింది ఇది. ప్రతి మైకు వైరునూ స్ప్లిటర్ పెట్టెతో రెండుగా చీల్చి, ఒకటి మైక్‌సెట్‌కు, ఒకటి రికార్డరుకు ఇవ్వాలి. పెట్టెలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రకమైతే రెండు పరికరాల ఎర్తులు కలిసి హమ్ పుట్టదు. స్ప్లిటర్ దొరక్కపోతే ఒకే స్టాండుకు రెండు మైకులు పక్కపక్కన కట్టండి, ఒకటి వాళ్ళది, ఒకటి మనది. చూడ్డానికి బాగుండదు, వినడానికి బాగుంటుంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క ట్రాకు ఉండాలి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. ఈ లెక్కన ఒక ట్రాకు గంటకు సుమారు 520 ఎంబీ అవుతుంది, ఐదు మైకులు రెండు గంటలు నడిస్తే 5 జీబీ పైచిలుకు. 32 జీబీ కార్డు ధారాళంగా సరిపోతుంది, అయినా రెండు కార్డుల మీద ఒకేసారి రికార్డయ్యే యంత్రం వాడడం మంచిది. మాట ఎంత పెద్దగా వచ్చినా సూచి మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఆగేట్టు పెట్టుకోవాలి. సన్నగా పడిన మాటను పెంచుకోవచ్చు, పగిలిన మాటను అతికించలేం.

మైకు డైనమిక్ కార్డియాయిడ్ రకం చాలు. ముందునుంచి వచ్చేదాన్ని తీసుకుని వెనకవైపు స్పీకరు శబ్దాన్ని బాగా తగ్గిస్తుంది. నోటికీ మైకుకీ మధ్య బెత్తెడు నుంచి జానెడు లోపు దూరం. ఆ దూరం రెట్టింపయితే గొంతు 6 డెసిబెల్ తగ్గుతుంది, హాలు చప్పుడు మాత్రం తగ్గదు. అందుకే కుర్చీలో వెనక్కి వాలి మాట్లాడేవారి గొంతు బావిలోంచి వస్తున్నట్టు ఉంటుంది. పక్క మైకు దూరం, నోటికీ మైకుకీ ఉన్న దూరానికి కనీసం మూడింతలు ఉండాలి. కుర్చీలు నాలుగైదు అడుగుల ఎడంతో వేస్తే ఆ లెక్క దానంతటదే సరిపోతుంది. కాలరుకు తగిలించే చిన్న మైకులు మన సభలకు నప్పవు. పైట చెంగూ కండువా రాసుకుంటూనే ఉంటాయి, ఆ రాపిడి ప్రసారానికి పనికిరాదు. బల్ల మీద స్టాండు పెడితే కింద నాలుగు మడతల తువ్వాలు వేయండి, లేదంటే బల్ల తట్టిన ప్రతిసారీ దడ్‌మని పడుతుంది. కాయితాలు చదివేవారికి పిన్ను తీసేసిన విడి కాయితాలు ఇవ్వాలి. తిరగేస్తే చప్పుడు, పక్కకు జరిపితే చప్పుడు లేదు.

హాలు ఎంపికలో అందం చూడవద్దు. నున్నటి గ్రానైటు నేల, టైల్సు గోడలు, అద్దాల తలుపులు ఉన్న కల్యాణ మండపాలు మాటకు శత్రువులు. వేదిక మీద నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టి చూడండి. దాని తోక ఒక సెకను దాటి వేలాడుతుంటే మాట మీద మాట పడిపోతుందన్నమాట. పెంకుల కప్పున్న పాత టౌను హాళ్ళు, బీరువాల నిండా పుస్తకాలున్న గ్రంథాలయ పఠన మందిరాలు చాలా నయం. తప్పనిసరై మండపమే తీసుకుంటే నేలమీద జంపఖానాలు పరిచి, వేదిక వెనకా పక్కలా మందపు తెరలు వేలాడదీయండి. జనం కూడా శబ్దాన్ని పీలుస్తారు. ఖాళీ హాల్లో పరీక్షించి భయపడనక్కర్లేదు, కానీ సగం నిండిన హాలు గురించి జాగ్రత్త పడాలి. అప్పుడు జనాన్ని వెనక చెదరనీయకుండా ముందు వరసల్లో కూర్చోబెట్టాలి. షామియానా కింద ప్రతిధ్వని ఉండదు గానీ గాలి, రోడ్డు, గుడి మైకు ఉంటాయి. తేదీ ఖాయం చేసేముందు పంచాంగం చూడడం మా పద్ధతి. పెళ్ళి ముహూర్తం బలంగా ఉన్న సాయంత్రం బ్యాండు మేళం చప్పుడు ఏ గోడా ఆపదు. కార్తీక మాసం సాయంత్రాలూ అంతే.

ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్లు ఆపమంటే జనం కూర్చోరు, అది న్యాయం కూడా కాదు. వేదిక పైనున్న ఫ్యాన్లు మాత్రం ఆపి, జనం వైపు పెట్టినవి ఉంచండి. మైకుకు ఫోమ్ తొడిగి, రికార్డరులో 80 నుంచి 100 హెర్ట్జ్ దిగువ కోసేస్తే ఫ్యాను గాలి హోరు చాలావరకు పోతుంది. 50 హెర్ట్జ్ హమ్ వస్తోందంటే మైకు వైరు, కరెంటు వైరు పక్కపక్కన పడుకుని ఉన్నాయేమో చూడండి. దాటక తప్పని చోట అడ్డంగా, లంబకోణంలో దాటించాలి. రికార్డరు బ్యాటరీ మీదే నడవాలి. కరెంటు పోయి మైక్‌సెట్ ఆగినా రికార్డింగు ఆగకూడదు. జనరేటరును గాలివాలు చూసి హాలుకు దూరంగా పెట్టించాలి. వేదిక మీదివారి ఫోన్లు సైలెంట్‌లో ఉంటే చాలదు, ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. చివరిగా, సభ మొదలయ్యేముందు అందరినీ కదలకుండా కూర్చోమని ఒక్క నిమిషం హాలు నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. ఎడిటింగులో అతుకుల కింద వేయడానికి అది కావాలి. దాన్ని మరిచిపోతే ప్రతి కోతా చెవికి తెలుస్తుంది.

ధ్వని గురించి ఇంత చెప్పాం కాబట్టి మనుషుల గురించీ అంతే శ్రద్ధగా చెప్పాలి.

గోష్ఠిలో సమన్వయకర్త కాక ముగ్గురే ఉండాలి. ఐదుగురిని పిలిస్తే ప్రతి ఒక్కరూ ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చి లేస్తారు, చర్చ జరగదు. 28 నిమిషాల ప్రసారానికి మా లెక్క ఇది. ప్రకటనలకు నిమిషంన్నర, విషయం పరిచయానికి నిమిషంన్నర, తలా రెండు నిమిషాల తొలి మాటకు ఆరు, వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవడానికి పన్నెండు, సభికుల ప్రశ్నలకు ఆరు, ముగింపుకు ఒకటి. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ముఖ్య అతిథి పలుకులు రికార్డింగు మొదలుకాక ముందే పూర్తి కావాలి. అవి సభ మర్యాదలు, వాటిని కాదనం. కానీ రేడియో వినేవారికి వాటిలో అందేది ఏమీ లేదు.

ముగ్గురిని ఎంచేటప్పుడు చదువుతో పాటు గొంతులు కూడా చూడండి. ఒకే వయసు మగవాళ్ళు ముగ్గురు కూర్చుంటే మీడియం వేవ్‌లో ఎవరు మాట్లాడుతున్నారో తెలియదు. సమన్వయకర్త ప్రతిసారీ పేరూ పనీ చెప్పి పిలవాలి: ‘శివారు ఆయకట్టు రైతుగా మీరు చెప్పండి’ అని. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రేడియోలో ఇద్దరి మాటా పోతుంది. మాట కావాలంటే చెయ్యెత్తాలని ముందే చెప్పి ఉంచాలి. కాలవ నీటి మీద గోష్ఠికి ఇంజనీరు, శాస్త్రవేత్త, సంఘం అధ్యక్షుడు చాలరు. డెల్టాలో సేద్యం చాలాచోట్ల కౌలు రైతు చేతిలో ఉంది. కౌలు రైతు లేని వ్యవసాయ గోష్ఠి అసలు మనిషిని బయట నిలబెట్టినట్టే. కొబ్బరి మీద గోష్ఠి అయితే అంబాజీపేట పరిశోధన స్థానం శాస్త్రవేత్తతో పాటు దింపు కార్మికుడు వేదిక మీద ఉండాలి. తెల్లదోమ ఏ మట్ట దగ్గర మొదలైందో రోజూ చెట్టెక్కే మనిషికి ముందు తెలుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా ప్రసంగాలు చెడేది కొలతల దగ్గర. రేడియోలో బల్ల లేదు, పటం లేదు, తెర లేదు. ‘ఈ బొమ్మలో చూస్తే’ అన్న మాట వస్తే ఆ తరువాతి ఐదు నిమిషాలు వృథా. అంకెను వినేవారి కొలతలోకి మార్చే బాధ్యత వక్తదీ సమన్వయకర్తదీ. మారుటేరు వరి పరిశోధన స్థానం శాస్త్రవేత్త హెక్టారుకు 6 టన్నుల దిగుబడి అంటారు. ఇక్కడి రైతు లెక్క ఎకరానికి 75 కిలోల బస్తాల్లో. అంటే సుమారు 32 బస్తాలు. ఆ ఒక్క వాక్యం కలిపితే ప్రసంగం చేలోకి దిగుతుంది. క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్ల పైచిలుకు అని నిర్వచనం చెబితే మనసుకు పట్టదు. ఒక క్యూసెక్కు నీరు ఒక పగలూ రాత్రీ పారితే ఎకరం చేలో సుమారు రెండు అడుగుల లోతు నిలుస్తుందంటే పడుతుంది.

వరద సమాచారం ఇంకా సున్నితం. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు, అంటే దాదాపు 10 లక్షల క్యూసెక్కులకు ఇస్తారు. రెండోది 13.75 అడుగులకు, 13 లక్షలకు. మూడోది 17.75 అడుగులకు, 17 లక్షలకు. పైన భద్రాచలం దగ్గర అవే మూడు హెచ్చరికలు 43, 48, 53 అడుగులకు. రెండు చోట్లా పేరు ఒకటే, కొలబద్ద సున్నా వేరు. గోష్ఠిలో ఒకరు ‘1986లో 75.6 అడుగులు వచ్చింది’ అంటారు. అది భద్రాచలం లెక్క అని చెప్పకపోతే నది మధ్య లంక ఊళ్ళలో వింటున్నవారు ధవళేశ్వరం అనుకుని బెంబేలెత్తుతారు, లేదా ఆ తరువాత ధవళేశ్వరంలో 15 అడుగులంటే తేలికగా తీసుకుంటారు. రెండోది ప్రాణాల మీదకు వచ్చే పొరపాటు. అందువల్ల అడుగుల అంకె చెప్పిన ప్రతిసారీ ఊరి పేరు కలిసి రావాలి. దాని వెంటనే ఆ మట్టానికి ఏ లంక దారి మునుగుతుందో, ఏ కాజ్‌వే మూసుకుపోతుందో స్థానికుల చేత చెప్పించాలి. ఎడిటింగులో అంకెనూ ఊరునూ విడదీసే కోత పెట్టకూడదు.

ఒకే వేదిక మీద రెండు కొలతలు పోట్లాడుకునే చోటు ఇంకొకటి ఉంది. వరి శాస్త్రవేత్త ఉప్పును ఈసీలో చెబుతారు, అంటే విద్యుత్తును ఎంత పోనిస్తుందో మీటరుకు డెసిసీమెన్‌లలో చెప్పే కొలత. రొయ్యల రైతు పీపీటీలో చెబుతాడు, అంటే వెయ్యి భాగాల్లో ఉప్పు ఎన్ని భాగాలు అన్న లెక్క. నేల ఈసీ 3 దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. చెరువు రైతుకు 5 పీపీటీ నీరు చప్పనిదే, ఎందుకంటే సముద్రం సుమారు 35. కానీ 5 పీపీటీని ఈసీలోకి మారిస్తే 8, 9 దగ్గర ఉంటుంది. ఆ నీరు మురుగు కాలవలోకి వదిలితే, అదే కాలవ నీరు ఎత్తిపోసుకునే వరి రైతుకు ఏమవుతుందో ఈ ఒక్క మార్పిడితో అర్థమవుతుంది. ఇద్దరూ తమ తమ కొలతల్లోనే మాట్లాడుకుంటూ పోతే 28 నిమిషాలూ ఎవరి మాట వాళ్ళదే. గోష్ఠికి వారం ముందు సమన్వయకర్త ముగ్గురితోనూ ఫోన్లో మాట్లాడి, ఏ కొలత వాడాలో ఒప్పించి, ఒక కాయితం మీద రాసి పంపాలి.

ప్రసంగం విషయానికి వస్తే, తెలుగులో నిదానంగా చెప్పేవారికి నిమిషానికి నూరు మాటలు పడతాయి. 24 నిమిషాల భాగానికి 2,400 మాటలు. చదవవద్దని కోరండి, చదివితే గొంతులో వెంటనే తెలుస్తుంది. పదిహేను ముఖ్య వాక్యాలు రాసుకుని చెప్పమనండి. ఐదేసి నిమిషాలకు ఒకసారి ఇప్పటిదాకా ఏం చెప్పారో ఒక వాక్యంలో తిరిగి చెప్పాలి. సభకు వచ్చినవారు మొదటినుంచీ ఉంటారు, రేడియో పెట్టేవారు మధ్యలో వస్తారు.

ప్రశ్నల సమయాన్ని గాలికి వదిలేయకండి. సభ మొదట్లోనే చీటీలు పంచి రాయించండి, రాయడం రానివారి ప్రశ్న కార్యకర్తలు రాయాలి. చీటీలు విషయం వారీగా వేరుచేసి ఆరేడు ఎంచి, అడిగినవారి చేతే మళ్ళీ మైకులో అడిగించాలి. మైకు వాళ్ళ చేతికి ఇవ్వకుండా కార్యకర్తే పట్టుకుని నోటి దగ్గర ఉంచాలి. ఆడవాళ్ళు కూర్చున్న వైపు ప్రత్యేకంగా ఒక మైకు, ఒక మహిళా కార్యకర్త ఉండాలి. మొదటి ప్రశ్న అటునుంచి తీసుకుంటే తరువాతివి వాటంతటవే వస్తాయి. ఏ ప్రశ్ననైనా సమన్వయకర్త ఒకసారి తిరిగి చెప్పాలి. కానీ అడిగినవారి ‘ఆయ్’, ‘అండి’, సార్వా, దాళ్వా, మాసూళ్ళు (కోతలు, నూర్పిళ్ళు) అలాగే ఉండాలి. సార్వా, దాళ్వాలను ఖరీఫ్, రబీ అని దిద్ది చెప్పడం వల్ల ఎవరికీ లాభం లేదు.

ఆకాశవాణి ప్రసార నియమావళి పార్టీల పేరుపెట్టి దాడి చేయడాన్ని, మతాల కులాల మీద దూషణను, కోర్టు ధిక్కారాన్ని అనుమతించదు. ఇది తెలియక సభలో వేడెక్కి అన్న మాటను కోసేస్తే మొత్తం జవాబు అర్థం మారిపోతుంది, ఆ మనిషి నొచ్చుకుంటారు. నియమాలను ఒక పేజీలో తేలిక తెలుగులో రాసి అందరికీ ముందే ఇవ్వండి. ‘ఎవరి ప్రభుత్వంలో’ అన్న ప్రశ్న బదులు ‘ఏ లాకు దిగువ, ఏ వంతులో, ఎన్ని రోజులు నీరు రాలేదు’ అని అడిగితే నియమమూ నిలుస్తుంది, నిజమూ బయటికి వస్తుంది.

కాలం కలిసిరావాలి. కాలవలు కట్టేసే ఏప్రిల్, మే నెలల్లో పూడిక, లాకుల మరమ్మతు, మురుగు కాలవల మీద ప్రసంగం జరగాలి. నీరు వదిలాక ఆ మాట మాట్లాడి ప్రయోజనం లేదు. వరద మీద జూన్ చివరికల్లా ప్రసారమై ఉండాలి. అక్టోబరు మొదట్లో తుపాను వానలకు చేను పడిపోతే ఏం చేయాలి, కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ నిబంధనకు ధాన్యం ఎలా ఆరబెట్టాలి అన్నవి. దాళ్వాకు నీటి లభ్యత మీద నారుమళ్ళు పోయకముందే. ఆరోగ్యం, చదువు, సాహిత్యం మీద ప్రసంగాలు మిగిలిన నెలల్లో హాయిగా పెట్టుకోవచ్చు. సంక్రాంతి పక్షం వదిలేయండి.

ఎడిటింగులో మా నియమం ఒక్కటే. చెప్పినవారు వింటే ‘నేనన్నది ఇదే’ అనుకోవాలి. దగ్గులు, అతి పొడవైన నిశ్శబ్దాలు, తిరిగి తిరిగి వచ్చే వాక్యాలు తీయవచ్చు. ఊపిరి తీయకూడదు. గొంతుల మధ్య హెచ్చుతగ్గులు 3 డెసిబెల్ లోపుకు తేవాలి. పూర్తయిన కార్యక్రమాన్ని ఖరీదైన హెడ్‌ఫోన్లలో విని సరిపెట్టుకోకుండా చిన్న పాకెట్ రేడియో స్పీకరంత స్పీకరులో, ఫ్యాను తిరుగుతుండగా ఒకసారి వినాలి. అక్కడ అర్థం కాని అంకెలను వ్యాఖ్యాత గొంతుతో మళ్ళీ చెప్పించాలి.

వారంలో ఒకే రోజు, ఒకే వేళ ప్రసారం ఉండాలి. పాలు పోయడం అయ్యాక సాయంత్రం ఒకసారి, మర్నాడు పొద్దున మరోసారి. 1956లో పూనా ప్రాంతంలో యునెస్కో సాయంతో ఆకాశవాణి రైతు రేడియో వేదికలు నడిపింది. సుమారు 150 గ్రామాల్లో జనం గుంపుగా విని, చర్చించి, సందేహాలు స్టేషనుకు రాసి పంపేవారు. వాటికి జవాబులు తరువాతి ప్రసారాల్లో వచ్చేవి. ‘వినండి, చర్చించండి, ఆచరించండి’ అన్నది దాని సూత్రం. డెల్టాలో శాఖా గ్రంథాలయాలు, నీటి సంఘాల కార్యాలయాలు ఆ పనికి సరిపోతాయి. ఒక సెట్టు, ఒక నోటు పుస్తకం, ప్రశ్నలు రాసి పంపే ఒక బాధ్యుడు చాలు. తరువాతి వారం మొదటి మూడు నిమిషాలు ఆ ప్రశ్నలకు కేటాయించండి. జవాబు వస్తుందని తెలిస్తేనే జనం రాస్తారు.

ఇక సంతకం. 1957 కాపీరైటు చట్టం ప్రకారం బహిరంగ సభలో చేసిన ప్రసంగం మీద మొదటి హక్కు మామూలుగా మాట్లాడినవారిదే. ప్రసారానికి, ఇంటర్నెట్‌లో ఉంచడానికి, అచ్చులో వాడుకోవడానికి వేరువేరుగా అనుమతి అడిగే ఒక పేజీ పత్రం మీద వేదిక ఎక్కకముందే సంతకం తీసుకోవాలి. ప్రశ్న అడిగినవారి పేరు చెప్పాలా వద్దా అన్నది వారి ఇష్టం. ఈ పత్రం లేక ఎంతో మంచి ప్రసంగం ఒకసారి గాలిలోకి పోయి మళ్ళీ ఎవరికీ దొరకకుండా పోతుంది.

దాచడం గురించి. ఫైలు పేరులో తేదీ, ఊరు, విషయం, వక్త ఉండాలి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్ళో. డెల్టా చెమ్మకు బీరువాలో పెట్టిన హార్డ్‌డిస్కును కూడా నమ్మడానికి లేదు, ఏడాదికొకసారి తెరిచి చూసుకోవాలి. గ్రంథాలయాల్లో, ఇళ్ళలో ఇంకా పాత స్పూలు టేపులు ఉన్న పెద్దలకు ఒక మనవి. వాటిని దొరికిన యంత్రం మీద పెట్టి తిప్పవద్దు. చెమ్మ పీల్చిన టేపులో పూతను పట్టి ఉంచే జిగురు కరిగి అంటుకుపోతుంది, తిప్పితే పూత ఊడి మాట పోతుంది. బూజు పట్టిన టేపును మిగతా వాటికి దూరంగా, చెమ్మ పీల్చే చిన్న సంచీలతో డబ్బాలో పెట్టి, తెలిసినవారికి అప్పగించండి.

మైకులు, స్ప్లిటర్లు, రికార్డరు, వాటిని నడిపే మనుషులు, కొలతల కాయితాలు, అనుమతి పత్రం నమూనా మేం సమకూరుస్తాం. సభా నిర్వాహకుల నుంచి కావలసింది హాలు, జంపఖానాలు, రికార్డింగు ముగిసేదాకా వేదికను మాకు వదలడం. ఆకాశవాణి నుంచి కావలసినవి వారానికి 28 నిమిషాల స్థిరమైన వేళ, పునఃప్రసారం, ఎడిటింగుకు ఒక కార్యక్రమ నిర్వాహకుడు. మొదటి సభకు అమలాపురాన్ని, విషయంగా లంకల వరద హెచ్చరికలను సూచిస్తున్నాం. ఏప్రిల్‌లో రికార్డు చేస్తే ఎడిటింగుకు, అంకెలు సరిచూడడానికి మే అంతా ఉంటుంది, జూన్‌లో రెండు వారాలు వరసగా ప్రసారం చేయవచ్చు. ఫిబ్రవరి చివరిలోగా తేదీ తెలిపితే వక్తలతో మాట్లాడడం మొదలుపెడతాం.

ఇట్లు,
గోదావరి డెల్టాలో సభల ధ్వని, రికార్డింగు, సేద్యపు నీరు, గ్రంథాలయ పనుల్లో ఉన్నవారం